గవరయ్య ఐదో సీజన్

మా ఊరి పేరు రాయను. రాస్తే మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వమని మెమో వస్తుంది. ఆ మెమో తయారు చెయ్యాల్సింది కూడా నేనే. ముప్ఫై ఏళ్లుగా ఈ పురపాలక సంఘంలో గుమాస్తాగా ఉన్నాను, ఇప్పుడు పెద్ద గుమాస్తాని. నాకు నేనే రెండు సార్లు మెమో రాసుకున్నాను, రెండు సార్లూ జవాబు సంతృప్తికరంగా లేదని నేనే నోటు పెట్టాను. అంచేత ఊరి సంగతి వదిలేద్దాం.

మా కమిషనరు విద్యాధర పట్నాయక్ గారు మంచి మనిషి. చెయ్యి చాచడు, నోరు జారడు. ఆయనకున్న జబ్బల్లా శిక్షణా శిబిరాలు. ఒకసారి వెళ్లొచ్చి ఆఫీసులో కుర్చీలన్నీ గోదాములో వేయించి నెల్లాళ్లు అందరి చేతా నిలబెట్టి పని చేయించారు. ఇంకోసారి వెళ్లొచ్చి ఫైళ్లకి మనోభావాలను బట్టి రంగులు వేయించారు. చావు సర్టిఫికెట్ల ఫైలుకి గులాబీ రంగు పడింది.

ఈసారి జూన్‌లో ఏదో కొండ మీది హోటల్లో మూడు రోజులు ఉండి వచ్చారు. కారు దిగుతూనే నడక మారిపోయింది. గెడ్డం పైకెత్తి, ఎడమ చెయ్యి నడుం మీద పెట్టి, మెట్ల మీద ఒక్క క్షణం ఆగి దూరంగా చూశారు. దూరంగా చెత్త లారీ తప్ప ఏమీ లేదు.

"పంతులుగారూ, నేనెవర్నో నాకు ఇన్నాళ్లకి తెలిసింది" అన్నారు నాతో.

"ఎవరండీ?" అన్నాను.

"హిమశిఖర సేనాని."

జపానువాళ్ల బొమ్మల సీరియళ్లని యానిమే అంటారట. అందులో 'మేఘదుర్గం' అని ఒకటుంది. నాలుగు సీజన్లు అయ్యాయి, నలభై ఎనిమిది పాత్రలు. అరవై ప్రశ్నలకి జవాబులిస్తే మన వ్యక్తిత్వం ఆ నలభై ఎనిమిదిలో ఎవరిదో తేలుతుంది. ఇళ్లల్లో పిల్లలు సరదాకి ఆడుకుంటారని మా మేనకోడలు చెప్పింది. పిల్లలు ఆడుకుని ఊరుకుంటారు. మావాళ్లు సర్క్యులర్ ఇచ్చారు.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా" అని మొదలైంది అది. నాలుగో పేరా ప్రకారం, ప్రతి ఉద్యోగీ తన పాత్రను గుర్తించి ఆ పాత్రకు తగిన విధులనే నిర్వర్తించవలెను. ఏడో పేరా ప్రకారం, అధికార భాష అమలులో భాగంగా పాత్రల జపాను పేర్లు తెలుగులోకి మార్చబడినవి. అన్నిటికంటే ముఖ్యమైనది తొమ్మిదో పేరా: "సదరు సీరియల్‌లో పాత్ర యొక్క తాజా స్థితియే ఉద్యోగి యొక్క తాజా స్థితిగా పరిగణించబడును." అది టైపు చేయించేటప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థం కాని వాక్యం సర్క్యులర్‌లో ఒకటైనా ఉండాలి కాబట్టి పోనిచ్చాను.

పరీక్ష కౌన్సిలు హాల్లో పెట్టారు. త్రిలోక్ అనే కన్సల్టెంటుని రప్పించారు. ఆయన హోదా 'వ్యక్తిత్వ సమన్వయ నిపుణుడు'. చదవడం రానివాళ్ల పక్కన ఒక్కో గుమాస్తాని కూర్చోబెట్టారు. నా వంతుకి గవరయ్య వచ్చాడు.

గవరయ్య మంచినీటి వాల్వులు తిప్పే మనిషి. ఇరవై మూడేళ్లుగా రోజుకూలీ మస్టర్లోనే ఉన్నాడు. ఊళ్లో పందొమ్మిది వాల్వులుంటే ఏది ఎన్ని చుట్లు తిప్పాలో, ఏ వీధికి ఏ పూట నీళ్లెక్కుతాయో ఎక్కడా రాసి లేదు, అతని బుర్రలోనే ఉంది. అతన్ని పర్మినెంటు చెయ్యమని మూడు సార్లు ఫైలు పంపాను. మొదటిసారి, ఇన్నేళ్లూ పర్మినెంటు కాకుండానే పని సజావుగా సాగింది గనుక ఇప్పుడు అవసరమేమిటో వివరించమన్నారు. వివరిస్తే, అంత అవసరమైతే ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నారో వివరించమన్నారు. మూడోసారి ఏమీ అనలేదు, ఫైలు మీద టీ మరకతో తిప్పి పంపారు.

అతనికి హోదా మీద మోజు లేదు. వాళ్లావిడ పైడమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. గోడ పట్టుకుని గాని లేవలేదు. పర్మినెంటు ఉద్యోగికైతే హెల్త్ కార్డు వస్తుంది, కార్డుంటే విశాఖపట్నంలో ఆపరేషన్ చేస్తారు. అతనికి కావలసింది ఆ కార్డు.

"గవరయ్యా, పన్నెండో ప్రశ్న. ఏ రంగు తుఫానులో నీ మనసు ప్రశాంతంగా ఉంటుంది?"

"తుపానుకి రంగేటి బాబూ? తుపానొస్తే కరెంటు పోతాది, మోటారాగిపోతాది, జనం నన్ను తిడతారు. పెసాంతం ఎక్కడిది?"

'నలుపు' అని పెట్టాను.

"ఇరవై రెండు. నీ ప్రాణమిత్రుడు శత్రుసైన్యంలో చేరితే ఏం చేస్తావు?"

"మన సూరిగాడు కాంట్రాక్టరు దగ్గిర సేరిపోనాడు కదా. ఏటి సేసినాను? టీ ఇప్పించినాను."

'క్షమిస్తాను' అని పెట్టాను.

"ముప్ఫై ఒకటి. నీ ఎదుట మూసి ఉన్న మహాద్వారం. తాళాన్ని ఏ వైపు తిప్పుతావు?"

"కుడికి."

"కుడికి తిప్పితే బిగుసుకుంటుంది కదయ్యా. తెరవాలంటే ఎడమకి."

"లోకంలో అంతే బాబూ. మన నేతగాళ్ల ఈది వాల్వుంది సూడండి, పెద్ద వాల్వు, దాన్ని ఎనకటోళ్లు తిరగేసి బిగించీసినారు. నాను పనిలోకి రాకముందే. అది కుడికి తిప్పితేనే తెరుసుకుంటాది. ఇరవై మూడేళ్లు తిప్పినాను. నా సెయ్యి ఇంక కుడికే ఎలిపోతాది."

హాల్లో అందరూ 'ఎడమ' పెట్టారు. నేను గవరయ్య కాగితం మీద 'కుడి' పెట్టాను.

జూలై పదిన ఫలితాలు నోటీసు బోర్డు మీద అంటించారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు 'అదృశ్య యోధుడు' అని తేలాడు. కంటికి కనబడకుండా పనిచేసే పాత్ర గనుక ఆయన ఎక్కడున్నాడని ఎవరూ అడగరాదని ఉత్తర్వు వచ్చింది. ఆచరణలో ఏ మార్పూ లేదు. పన్నుల గుమాస్తా 'కన్నీటి రాకుమారుడు', అతనికి బకాయిల వసూలు తీసేసి కౌంటరు దగ్గర ప్రజలతో పాటు ఏడ్చే పని ఇచ్చారు. దానికి మాత్రం ఊళ్లో మంచి పేరొచ్చింది. టైపిస్టు సుగుణమణి 'జలధారిణి'. సీరియల్లో ఆవిడ అరచెయ్యి ఎత్తితే నదులు దారి మార్చుకుంటాయట. కాబట్టి వాల్వులు ఆవిడకి అప్పగించారు.

నేను 'వంటవాడి పెంపుడు తాబేలు'నట. దీని మీద నేనేమీ వ్యాఖ్యానించను. మా ఆవిడ వ్యాఖ్యానించింది, చాలు.

గవరయ్యది 'ద్వారపాలక వృద్ధుడు'. మేఘదుర్గానికి ఒకటే తలుపు, దాని తాళంచెవి ఈ ముసలివాడి దగ్గరే ఉంటుంది. లోకమంతా తాళం ఎడమకి తిప్పితే ఇతనొక్కడే కుడికి తిప్పుతాడు. ఆ కిటుకు ఇంకెవరికీ తెలియదు. నాకు కొంచెం ఆశ్చర్యం వేసింది. ఆ దిక్కుమాలిన పరీక్ష ఊరు మొత్తమ్మీద ఒక్క మనిషిని సరిగ్గా పోల్చుకుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ముసలివాడు రెండో సీజన్ ఏడో భాగంలో చచ్చిపోయాడు.

మర్నాడు హాజరు పట్టీలో గవరయ్య పేరు ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. అతను నా వెనకాలే కమిషనరు గారి గదికొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"తొమ్మిదో పేరా చూడండి పంతులుగారూ" అన్నారు కమిషనరు గారు. "పాత్ర తాజా స్థితే ఉద్యోగి తాజా స్థితి. పాత్ర మరణించింది. ఇందులో వ్యక్తిగత ద్వేషమేమీ లేదు. నిజానికది చాలా గొప్ప మరణం. తలుపు దగ్గర నిలబడే పోయాడు. చూసి నేనే కంటతడి పెట్టాను."

"మనిషి ఎదురుగా ఉన్నాడండీ."

"భౌతికంగా."

గవరయ్య ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "బాబూ, నాను సచ్చిపోనానంటే సచ్చిపోనానే అనుకుందాం. పెద్దోరు మీరు సెప్తన్నారు. మరి పొద్దున్న నేతగాళ్ల ఈదికి నీల్లెవులొదుల్తారు?"

"జలధారిణి" అన్నారు కమిషనరు గారు, కిటికీలోంచి చెత్త లారీని చూస్తూ.

సుగుణమణి పాపం మంచి పిల్ల. తెల్లారగట్లే చీర కుచ్చిళ్లు దోపుకుని నేతగాళ్ల వీధికి వెళ్లింది. నిబంధన ప్రకారం ముందు అరచెయ్యి ఎత్తింది. తర్వాత ఇనప కడ్డీ తగిలించి ఎడమకి తిప్పింది. బలంగా తిప్పింది. కాస్తో కూస్తో తెరిచి ఉన్న వాల్వు కాస్తా పూర్తిగా బిగుసుకుపోయింది. ఊరి ట్యాంకులో నీళ్లు ఎటో పోవాలి కదా, వీధులన్నీ వదిలేసి మా కమిషనరు గారి బంగళా తోటలోకి పోయాయి. మూడో రోజుకి ఆయన గేటు దగ్గర కప్పలు చేరాయి. నేతగాళ్ల వీధి ఆడవాళ్లు ఖాళీ బిందెలు తెచ్చి ఆఫీసు వరండా నిండా పేర్చారు. కన్నీటి రాకుమారుడు వాళ్ల పక్కన కూర్చుని మనసారా ఏడ్చాడు. ఉద్యోగంలో అతనికి అంతకంటే నిజమైన రోజు లేదు.

"పంతులుగారూ, మీకు దణ్ణం పెడతానండి, ఆ గవరయ్యని పిలిపించండి" అంది సుగుణమణి. అరచేతుల్లో బొబ్బలు లేచి ఉన్నాయి. "ఆయన పక్కన నిలబడి చెప్తే నేను తిప్పుకుంటాను."

చనిపోయిన ఉద్యోగి సలహా తీసుకోవచ్చా అన్న విషయం త్రిలోక్ ముందుకు వెళ్లింది. ఆయన గంటసేపు కంప్యూటర్ చూసి, యానిమే సంప్రదాయంలో మృతులు జ్ఞాపక దృశ్యాల్లో కనిపించి బోధించవచ్చునని, అది సర్వసాధారణమేనని తేల్చాడు. దాంతో 'ద్వారపాలక వృద్ధుని జ్ఞాపక దృశ్యము' అని ఫైలు తెరిచారు. ప్రతి ఉదయం గవరయ్య వాల్వు దగ్గర కనిపించవచ్చును. కూలి ఉండదు, ఎందుకంటే జ్ఞాపకాలకి కూలి ఇచ్చే పద్దు బడ్జెట్‌లో లేదు. కనిపించేటప్పుడు చుట్టూ తెల్లని కాంతి ఉండవలెను. కాంతి కోసం ఒక అటెండరు టార్చిలైటు పట్టుకుని నిలబడేవాడు.

మొదటి రోజు నేను చూడటానికి వెళ్లాను. టార్చి వెలుగులో కళ్లు చికిలించుకుంటూ, "కుడికమ్మా, కుడికి. పదకొండున్నర సుట్లు. అర దగ్గిర ఆగాల. ఎక్కువైతే కొసనున్నోళ్లకి అందవు" అని చెప్తున్నాడు గవరయ్య. సుగుణమణి నాలుగు చుట్లకే ఆయాసపడింది. అతను కడ్డీ అందుకుని మిగతా ఏడున్నరా తానే తిప్పేశాడు. ఆ రోజునుంచీ అంతే, పందొమ్మిది వాల్వులూ జ్ఞాపక దృశ్యమే తిప్పింది. ఊరికి నీళ్లొచ్చాయి.

తిరిగి వస్తుంటే అడిగాడు. "బాబూ, సచ్చిపోనోడి పెళ్లానికి కార్డు ఇత్తారేటి?"

నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు. ముప్ఫై ఏళ్ల నౌకరీలో నేను కోపం తెచ్చుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజు మాత్రం ఇంటికెళ్లకుండా ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని, యాభై ఆరేళ్ల వయసులో మేఘదుర్గం మొదలుపెట్టాను. విధి నిర్వహణలో భాగంగా పది రోజుల్లో నాలుగు సీజన్లూ చూశాను. తాబేలు పాత్ర నాలుగు సీజన్లలో రెండుసార్లే మాట్లాడుతుంది గాని, రెండుసార్లూ దాని మాటే నెగ్గుతుంది. నాలుగో సీజన్ ఆఖరి భాగం, ఆఖరి క్షణం. పాడుబడ్డ కోట, మంచులో పడున్న ముసలివాడి తాళంచెవి. అది కదిలింది. వెనక్కి తిప్పి మూడుసార్లు చూసుకున్నాను. కదిలింది. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు నోటు పెట్టాను. 'సదరు గవరయ్య విధి నిర్వహణలో, తలుపు వద్ద నిలబడి, వీరమరణం పొందియున్నాడు. విధి నిర్వహణలో మరణించుటకు ముందుగా విధిలో ఉండుట తప్పనిసరి. కావున మరణమునకు ముందు రోజు నుండి అతనిని పర్మినెంటు చేయుట సమంజసమని భావించి ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది.'

కమిషనరు గారు రెండుసార్లు చదివి లేచి నిలబడ్డారు. "గౌరవం! మరణానంతర గౌరవం! సేనాని తన సైనికుణ్ణి మరిచిపోడు పంతులుగారూ" అని పెద్ద సంతకం పెట్టి పై ఆఫీసుకి పంపారు.

బతికున్న గవరయ్య ఫైలుని మూడుసార్లు తిప్పికొట్టిన పై ఆఫీసు, చచ్చిన గవరయ్య ఫైలుని పదకొండు రోజుల్లో పాస్ చేసింది. నమ్మలేక ఫోన్ చేశాను. అక్కడి సూపరింటెండెంటు విసుక్కున్నాడు. "బతికున్నవాణ్ణి చేస్తే రేపు అందరూ వచ్చి మమ్మల్నీ చెయ్యమంటారండీ. ఇలా చచ్చి వచ్చేవాళ్లు ఎంతమందుంటారు?"

ఉత్తర్వు చేతికొచ్చింది గాని కార్డు రాలేదు. కార్డు కావాలంటే ఉద్యోగి స్వయంగా వచ్చి మిషను మీద వేలిముద్ర వెయ్యాలి. రికార్డులో చనిపోయినవాడి వేలు మిషను తీసుకోదు. వేలు మాత్రం రోజూ నా బల్ల దగ్గరికొచ్చి, "ఏటైనాది బాబూ?" అని అడిగి పోతోంది.

"ఐదో సీజన్ రానీ" అనేవాణ్ణి.

ఐదో సీజన్ మొదటి భాగం ఆగస్టు ముప్ఫై ఒకటి సాయంత్రం నాలుగున్నరకి అని ప్రకటించారు. హమ్మయ్య అనుకున్నాను. ఇరవై తొమ్మిదిన పై ఆఫీసు నుంచి ఇంకో సర్క్యులర్ దిగింది. పాత్రల విధానం సెప్టెంబరు ఒకటి నుంచి రద్దు. ఇకపై ప్రతి ఉద్యోగీ తన వ్యక్తిత్వం ఏ పూల మొక్కకి సరిపోతుందో గుర్తించవలెను. పాత విధానంలో ఏర్పడిన స్థితిగతులు ఆగస్టు ముప్ఫై ఒకటి, సాయంత్రం అయిదు గంటలకి ఎలా ఉన్నవో అలాగే శాశ్వతంగా ఖరారు చేయబడును.

అంటే ముసలివాడు అయిదులోగా లేవకపోతే గవరయ్య ఎప్పటికీ లేవడు. నాకు ఆ రెండు రాత్రులూ నిద్ర లేదు.

ముప్ఫై ఒకటిన, గవరయ్య తిరిగి బతికినట్టు ఉత్తర్వు టైపు చేయించి జేబులో పెట్టుకుని, కౌన్సిలు హాల్లో తెర కట్టించి, అందర్నీ కూర్చోబెట్టాను. గవరయ్య వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాడు, పక్కన టార్చితో అటెండరు. పైడమ్మ కూడా వచ్చింది. రిక్షాలోంచి దింపి ఇద్దరు పట్టుకు తెచ్చారు. కుర్చీలో కూర్చుని తెరకేసి దణ్ణం పెట్టింది.

పది నిమిషాలు యుద్ధం. మరో అయిదు నిమిషాలు జలధారిణి పాట. మొసలి ముఖం మాంత్రికుడు వచ్చి చాలాసేపు నవ్వాడు. ముసలివాడి జాడ లేదు. ఆఖర్న వేసే పేర్ల అక్షరాలు పైకి జారడం మొదలైంది. గడియారం చూశాను, నాలుగూ యాభై మూడు. కమిషనరు గారు లేవబోయారు.

"కూర్చోండి!" అన్నాను. పై అధికారితో ముప్ఫై ఏళ్లలో అలా మాట్లాడటం అదే మొదలు. ఆయన కూర్చున్నారు.

అక్షరాలు అయిపోయాక మంచు కనబడింది. మంచులోంచి ఒక చెయ్యి లేచింది. తాళంచెవి అందుకుంది. తలుపులో పెట్టి తిప్పింది. తెర నల్లబడింది.

నేను జేబులోంచి ఉత్తర్వు తీసి ముందు పెట్టాను. కమిషనరు గారు కలం తీసి ఆగారు. "ముఖం కనబడలేదే. చెయ్యి మాత్రమే వచ్చింది. ఎవరి చెయ్యో ధ్రువీకరించకుండా ఒక మనిషిని బతికించడం ఎలా? రేపు ఆడిట్ అభ్యంతరం వస్తుంది."

త్రిలోక్ తల పంకించాడు. "శత్రువు చెయ్యి కూడా అయ్యుండొచ్చు సార్."

నాలుగూ యాభై ఆరు.

"కుడికి తిప్పాడండి!" సుగుణమణి లేచి నిలబడింది. మానిన బొబ్బల చెయ్యి ముందుకు చాపి చూపించింది. "చూడండి సార్, ఆ చెయ్యి కుడికి తిప్పింది. లోకంలో ఇంకెవరూ కుడికి తిప్పరు. కావలిస్తే నన్నడగండి."

త్రిలోక్ వెనక్కి తిప్పి వేశాడు. కుడికి. మళ్లీ వేశాడు. కుడికే. కమిషనరు గారు గెడ్డం పైకెత్తి, దూరంగా చూసి, నాలుగూ యాభై తొమ్మిదికి సంతకం పెట్టారు. నేతగాళ్ల వీధి ఆడవాళ్లు కిటికీల దగ్గరినుంచి చప్పట్లు కొట్టారు. కన్నీటి రాకుమారుడు ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.

కార్డు వచ్చింది. పైడమ్మకి ఒక మోకాలు అయింది, రెండోది మాఘమాసంలో చేస్తామన్నారు. మొక్కల విధానంలో నేను నాగజెముడునట.

ఒక్కటి మిగిలింది. గవరయ్య సర్వీసు పుస్తకం రాయాలి. చనిపోయిన యాభై రెండు రోజుల్ని ఏమని చూపారని పై ఆఫీసు అడిగింది. లెక్కలో ఖాళీ ఉండకూడదు. ఆలోచించి ఆలోచించి 'అర్ధవేతన సెలవు, కారణం: మరణం' అని రాసి, సంతకానికి గవరయ్యని పిలిచి చదివి వినిపించాను.

అతను ఆ గడి మీద వేలు పెట్టాడు.

"బాబూ, ఆ యాబై రెండు రోజులూ ఊరికి నీల్లొదిలింది నానే కదా?"

"నువ్వే."

"ఒక్క పూట కూడా మానలేదు కదా?"

"మానలేదు."

"మరి సెలవేటి?"

"గడి నిండాలి గవరయ్యా" అని పుస్తకం అతని వైపు తిప్పాను. గవరయ్య కలం అందుకుని, నేను చూపించిన చోట నెమ్మదిగా పేరు రాసి, వాల్వు టైమైపోతోందని వెళ్లిపోయాడు.